ఇలారియన్ ఇచ్చిన సెమ్మె

స్తుపారి గ్రామం, మొల్డోవా
27 అక్టోబరు 2003, సోమవారం

గౌరవనీయులైన లేలండ్ గారికి,

మీ దుబాసీ రయీసా నమస్కారాలు. మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఈ నెల 9, గురువారం, ఉదయం ఏడుకూ ఏడుంపావుకూ మధ్య ఇలారియన్ మన ద్రాక్ష రైతుల సంఘం నేలమాళిగలో చనిపోయాడు. మీ సంస్థవాళ్లు మీకు రెండే వాక్యాలు పంపారని, జరిగింది జరిగినట్టు రాయమని అడిగారు. జిల్లా పత్రికలో పంతొమ్మిదేళ్లు వార్తలు రాశాను కాబట్టి నాకు చేతనైంది అదే. నేను చూసిందీ, చూసినవాళ్లు చెప్పిందీ రాస్తున్నాను.

వైన్ తయారీకి సలహాలిచ్చి మీరు వెళ్లాక ద్రాక్ష కోత సెప్టెంబరు 29న మొదలైంది. పద్నాలుగు కుటుంబాల పంటా ఒకేచోట పోశారు. ఇరవై రెండు టన్నులు. ఎవరి ఇంటి కింద వాళ్లు రెండు పీపాలు పులియబెట్టుకునే ఊరు ఇది. అంత రసం ఒక్క గదిలో పులియడం ఇక్కడ ఎవరూ చూడలేదు. స్టీలు తొట్లు పగలూ రాత్రీ బుసలు కొట్టాయి. పై రోడ్డు మీదికి కూడా వాసన వచ్చేది. ఈసారి వైన్ కొనే పోలండు వాళ్లు మన కాళ్ల దగ్గరికే వస్తారని మన అధ్యక్షుడు ఆంటోన్ అందరికీ చెప్పుకు తిరిగాడు.

తేలిన తొక్కల్ని పొద్దున్నే కిందికి తొక్కే పని ఇలారియన్‌ది. ఆ రోజు ఏడుకు పది నిమిషాలుండగా ఇంట్లోంచి బయల్దేరాడు. మొక్కజొన్న సంకటి పొయ్యి మీద పెట్టవే, పావుగంటలో వస్తా, చల్లారిందంటే నీతో మాట్లాడను అన్నాడట. మాట్లాడకపోతే నాకూ పండగే అందట అతని భార్య ప్రొఫీరా. ఆ మాట తనే నాకు మూడుసార్లు చెప్పింది.

ఏడూ ఇరవై అయిదుకు ఆంటోన్ వచ్చాడు. తలుపు తెరిచి ఉంది. లోపల మీరు పెట్టించిన లైటు వెలుగుతోంది. పై మెట్టు మీదనుంచి చూస్తే ఇలారియన్ కాళ్లు కనిపించాయి, ఒక బూటు ఊడిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆంటోన్ దిగబోయి, నాలుగో మెట్టు మీద ఆగి, జేబులోని కాగితం ముట్టించి కిందికి విసిరాడు. అది పదకొండో మెట్టు దాకా మండి, అక్కడ ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. ఉన్నవి పద్దెనిమిది మెట్లు. అతను వెనక్కి వచ్చేశాడు.

ఈలోగా ప్రొఫీరా వచ్చింది. దిగరా పిరికి సన్నాసీ, నీ సంఘం కోసం పోయినవాడు అక్కడ పడి ఉంటే మెట్టు మీద నిలబడి చూస్తున్నావా, ప్యాంటు వేసుకున్నావా లంగా వేసుకున్నావా అని అతని చొక్కా పట్టుకుంది. తనే దిగబోయింది. ఆంటోన్ ఆమెను నడుం పట్టుకుని ఆపాడు. ఆమె అతని చేతిని నెత్తురు వచ్చేలా కొరికింది, అయినా వదల్లేదు. వదిలి ఉంటే ఆ పొద్దున రెండు శవాలు లేచేవి. ఊరు దాన్ని అలా చూడటంలేదు. దుకాణంలో అతను అడుగుపెడితే, అదిగో పై మెట్టు అధ్యక్షుడు వచ్చాడు అంటున్నారు.

అగ్నిమాపకవాళ్లు ముసుగులు తగిలించుకుని ఎనిమిదీ నలభైకి శవాన్ని పైకి తెచ్చారు. రసం పులిసేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు అని డాక్టరు రాశాడు. కింద ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలు చాలునన్నాడు. లైటు అప్పటికీ వెలుగుతూనే ఉంది.

నేలమాళిగలోని గాలిని బయటికి లాగే ఫ్యాను పదమూడో తారీఖున వచ్చింది. కాగితాల్లో ఒక ముద్ర తక్కువని నెలరోజులు రాజధాని గోదాములో కూర్చుంది. ఇప్పుడు ఆంటోన్ వరండాలో పెట్టెలో ఉంది. ఎవరూ విప్పలేదు.

పదకొండున ఖననం చేశాం. ప్రొఫీరా ఏడుపంతా ఒకే మాట చుట్టూ తిరిగింది. మంచంలో చచ్చే ముసలాళ్ల చేతిలో కూడా కొవ్వొత్తి పెట్టి పంపుతాం, నలభై ఏళ్లు దీపం పట్టుకుని నేలమాళిగ దిగినవాడు చీకట్లో చేతులు తడుముకుంటూ పోయాడే అంటుంది. అక్కడ లైటు ఉంది కదమ్మా అని ఫాదరు ఓదార్చబోతే, ఆ లైటు నా మొగుడికి ఏం చెప్పింది ఫాదర్, మా సెమ్మె అయితే చెప్పేది అంది.

ఇలారియన్ మీకిచ్చిన ఆ ఇనుప సెమ్మె సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి రోజు మీరు అడిగారు, దానికి పిడి అంత పొడుగెందుకు, ఇతను దీపాన్ని మోకాళ్ల దగ్గర పట్టుకుని దిగుతాడేం అని. ఇలారియన్ నవ్వి, మీతో సరదాగా కలుపుకున్న వరసతో, వియ్యంకుడా, చావు నేలమీదే పాకుతుంది, అందుకని దీపాన్ని ముందు పంపిస్తాను, అది ఆరిపోతే నేను ఇంటికెళ్లి పెళ్లాంతో తిట్లు తింటాను, అదే నయం అన్నాడు. మసి వాసన వైన్‌కి పడుతుంది, కొనేవాళ్లు వెనక్కి పంపుతారు, కరెంటు దీపమూ ఫ్యానూ పెట్టుకోండి అని మీరు చెప్పారు. అది మంచి సలహానే. దాన్ని ఎవరూ తప్పు పట్టడంలేదు.

ఇప్పుడు విచారణ సంగతి. ఏ జాగ్రత్తా లేకుండా మనిషిని దింపాడని ఆంటోన్ మీద కేసు పెట్టారు. ఫ్యాను తిరిగేవరకూ కొవ్వొత్తి లేకుండా ఎవరూ దిగకూడదని సెప్టెంబరు 20న భోజనాల దగ్గర స్పష్టంగా చెప్పానని, మీరు ఈ నెల 18న విచారణాధికారికి ఉత్తరం రాశారు. అది ఫైల్లో ఉంది. అలాంటి మాట తన చెవిన పడలేదని ఆంటోన్ అంటున్నాడు. భోజనానికి వచ్చిన పద్నాలుగు కుటుంబాలూ అదే అంటున్నాయి. అందరూ ఒకేలా చెబుతున్నారంటే ఆంటోన్ నేర్పించినట్టే అని అధికారి అభిప్రాయం. మీ మాట నిలబడితే ఆంటోన్‌కి జైలు ఖాయమని లాయరు చెప్పాడు. అతనికి నలభై నాలుగేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు.

శనివారం ఆంటోన్ మా ఇంటికి వచ్చాడు. కట్టు కట్టిన చేతిని బల్ల కింద దాచుకుని కూర్చున్నాడు. రయీసక్కా, నువ్వు నా పక్కనే ఉన్నావు కదా, ఆ పెద్దాయన అలా అని ఉంటే నేను సెమ్మెని దేశం దాటనిస్తానా, నేను గాడిదని కావచ్చు గానీ హంతకుణ్ని కాను కదా అన్నాడు. నా నోట్‌బుక్కు చూసి చెబుతానన్నాను. చూడు అక్కా, నీ పుస్తకం అబద్ధం చెప్పదు అని టీ తాగకుండా వెళ్లిపోయాడు.

మీరు అబద్ధం రాసే మనిషి కారు. ఆంటోన్ కూడా అబద్ధం చెప్పడంలేదు. ప్రస్తుతానికి నేను రాయగలిగింది ఇంతే.

ప్రొఫీరా మిమ్మల్ని ఒకటి అడగమంది. నవంబరు 17 నలభయ్యో రోజు. వీలైతే ఆలోగా సెమ్మెని పంపండి. ఆ రోజు దాన్లో కొవ్వొత్తి వెలిగించి సమాధి దగ్గర పెట్టాలని ఆమె కోరిక. మీ మీద కోపం లేదని కూడా రాయమంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
రెండు వారాలు మీ మాటలు మోసిన
రయీసా

తా.క. కవరు అంటించాను. మళ్లీ చించాను.

ఆ మాట మీరు అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 20, మధ్యాహ్నం, ప్రొఫీరా పెరడు, మూడో గ్లాసు ఎత్తిన తర్వాత. ఇలారియన్ లేచి సెమ్మెని చొక్కా చేతికి తుడిచి మీ చేతుల్లో పెట్టాడు. వియ్యంకుడా, నీ దీపం వచ్చాక నా దీపానికి పనేముంది, మా తాతది, నీ ఇంట్లో పెట్టుకో అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. మీరు నాతో అన్నది నా నోట్‌బుక్కులో నా రాతలోనే ఉంది: "ఇప్పుడే తీసుకోను. ఫ్యాను తిరిగేదాకా ఇది వీళ్లకి కావాలి. అప్పటిదాకా ఇది లేకుండా ఎవరూ దిగకూడదని చెప్పండి."

ఇక్కడ పదిమందిలో ఇచ్చిన వస్తువును తిరిగి చేతిలో పెడితే ఇచ్చినవాడి ముఖాన కొట్టినట్టే. ఇలారియన్ కళ్లలో నీళ్లున్నాయి. మీరేం అన్నారో వినడానికి అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. వాళ్లతో నేనన్నది ఇది: చాలా సంతోషం, కళ్లకి అద్దుకుని మా ఇంట్లో పెట్టుకుంటానంటున్నారు. మీతోనేమో, వాళ్లకి చెప్పాను, వాళ్ల దగ్గర ఇంకో సెమ్మె ఉందట, ఇది మీరే తీసుకోవాలట అన్నాను. ఇంకో సెమ్మె లేదు. ఫ్యాను వారంలో వస్తుందనుకున్నాను. మీరు వెళ్లాక నింపాదిగా చెబుదామనుకున్నాను. తర్వాత కోతలు వచ్చాయి. పంతొమ్మిది రోజులు నాకు గుర్తు రాలేదు. తొమ్మిదో తారీఖున గుర్తొచ్చింది.

ఆ పేజీ నకలు దీనితో పెడుతున్నాను. ఇంకొకటి విచారణాధికారికి. రెండూ ఈ రోజు నాలుగు గంటల టపా సంచిలో వెళ్లిపోతాయి, తర్వాత నా మనసు మారినా తిరిగి రావు.

రేపు పొద్దున ప్రొఫీరా ఇంటికి వెళ్తున్నాను. ఆమె ఇది పరాయివాళ్ల గదిలో వినకూడదు. విచారణ గురువారం, 30న, పది గంటలకు, జిల్లా కేంద్రంలో. మొదట ప్రొఫీరా, తర్వాత ఆంటోన్, మూడో పేరు నాది. ఏడున్నర బస్సు ఎక్కాలి. ఊళ్లోంచి ఆ టైముకి ఉన్న బస్సు అదొక్కటే, ముగ్గురం అందులోనే వెళ్తాం.