నిండిన విమానంలో ఒక్క సీటు

ప్రేబెన్,

ఈత నుంచి రాగానే కుక్కని తిప్పుకురా. బఠానీ సూప్ పొయ్యి మీదే ఉంది, వేడి చేసేటప్పుడు మాడబెట్టకు. మైకెన్ ఫోన్ చేస్తే అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిందని చెప్పు. చచ్చినా నిజం చెప్పకు!

నేను ఎయిర్‌పోర్టుకి పోతున్నా. ఈరోజు మన పిల్ల మైకెన్ ఎయిర్‌హోస్టెస్ యూనిఫాం వేసుకుని ఎక్కే మొదటి విమానం, ఓస్లో వెళ్ళేది. సిబ్బంది తల్లులకిచ్చే స్టాండ్‌బై టికెట్ నా దగ్గరుంది. అంటే టికెట్ కొన్నవాళ్ళలో ఎవరైనా రాకపోతేనే నాకు సీటు. విమానం మొత్తం నిండిపోయిందట! ఎవడో ఒకడు నిద్ర లేవకూడదని దారి పొడుగునా మొక్కుకుంటా. "ఈ వయసులో ఇదేం పిచ్చి, బీర్తే" అని నిన్న నవ్వావు చూడు, అది మాత్రం మర్చిపోను.

సీటు దొరికితే తల దించుకుని కూర్చుంటా. "కాఫీయా, టీయా మేడమ్?" అని అది నా పక్కకొచ్చి అడిగేదాకా తల ఎత్తను.

బీర్తే

సూప్ ఇద్దరికీ చేశాను. సీటు దొరక్కపోతే మధ్యాహ్నానికి వచ్చేస్తా, నవ్వావంటే ఊరుకోను. వద్దులే, మొత్తం నువ్వే తాగెయ్. నా వాటా దాచావంటే సీటు దొరకదు.