కప్పు మీది శిలువ

ప్రియమైన ఫోర్తునాతో,

ఒకరింట్లో చుట్టంగా తిని కూర్చున్నప్పుడు కంటబడ్డ సంగతిని, ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక వాడుకోవచ్చా? మునిసిపాలిటీలో ఇంటిపన్నుల తనిఖీ ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళ నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడది మన గుమ్మంలోకే వచ్చింది.

ఇక్కడ నేనూ పిల్లలూ కులాసా. గనిలో నీ దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. కోకా ఆకుల కషాయం మాత్రం మానకు. ఫోన్ చెయ్యమన్నావు. చేస్తే అరుస్తాను, అందుకే కాగితం.

"ఎర్మెలిందా అక్క నా ఫోనెందుకు ఎత్తడం లేదు?" అని అడిగావు. చెప్తాను.

పోయిన నెల మావాళ్ళు టేపు పట్టుకుని వదిన ఇంటికెళ్ళారు. ఆమె ఏటా రాసిచ్చే కాగితంలో అది ఇంకా ఒక్క అంతస్తే. ఈ ఊళ్ళో అందరిలాగే మేడ మీద ఇనప చువ్వలు నిలబెట్టి, "కట్టడం పూర్తయితే కదా పన్ను!" అంటుంది కదా మీ అక్క. తలుపు సందులోంచే, "కోర్టు కాగితం ఉందా నాయనా? లేదా? అయితే బయటి గోడ కొలుచుకో, ఎండ ఉచితం" అందట. ఆ మాట ఆమెకి నేర్పింది నేనే.

పది రోజులకి నోటీసు వచ్చింది. పైన మూడు గదులు, స్నానాలగది, గోడలకి నీలం పలకలు, కప్పు వేసిన తేదీతో సహా. గడప దాటని వాళ్ళకి పలకల రంగెలా తెలిసింది?

తిన్నగా మా పైఅధికారి వాల్దివియా గదిలోకి వెళ్ళాను. "నోటీసిచ్చి కొలిచే అధికారం మనకుంది. రానివ్వకపోతే బయటినుంచి అంచనా కట్టే అధికారమూ ఉంది. జనం స్నానాలగదుల్లోకి దొంగచూపులు చూడమని ఏ చట్టం చెప్పింది సార్? మేయరు బావమరిది మూడంతస్తుల హోటలు మన పుస్తకంలో ఇప్పటికీ కారు షెడ్డే! ఆ ఫైలు తెరవమని ఎన్నిసార్లు అడిగాను? అక్కడ మీ కళ్ళకి శుక్లాలా?"

అతను కాఫీలో బిస్కెట్టు ముంచుకుంటూ, "గొంతు తగ్గించమ్మా నిల్దా. దొంగచూపేం లేదు. ఫైలు చూసుకో" అన్నాడు.

నోరు మూసుకుని బయటికొచ్చాను. ఎందుకో తరవాత చెప్తాను.

ఆదివారం వదిన వచ్చింది. కూర్చోలేదు. పేపర్లో చుట్టి తెచ్చిన శిలువ బల్లమీద పెట్టింది. కప్పు వేసిన రోజున, మన ఆచారం ప్రకారం ఆ ఇంటికి జ్ఞానతల్లిగా, నేను పూలు చుట్టి పైన నిలబెట్టిందే.

"నా కప్పుకి ఇంక తల్లి అక్కర్లేదమ్మా. దాన్ని ప్రభుత్వమే పెంచుకుంటుంది" అంది.

"వదినా, కూర్చో..."

"కూర్చుంటే కుర్చీ కొలుస్తావేమో! శుక్రవారం నా అప్పీలు. నాలుగేళ్ళ బకాయి నెత్తిన పడితే పుల్లలకి గుచ్చి మాంసం కాల్చే నా బండి అమ్ముకోవాల్సిందే. ఫైలు నాకూ చూపించారు. అందులో ఉన్న ఫోటో మా ఇంట్లో తీసింది కాదని ఆ రోజు అక్కడికొచ్చి ఒక్కమాట చెప్పు. చెప్తే శిలువ తీసుకెళ్తాను."

ఇంతసేపూ తప్పించుకుంటూ రాశాను. ఆ ఫోటోలో కొత్త కప్పు మీద శుభానికి సీసా పగలగొడుతూ నవ్వుతున్నది నేను. ఆఫీసులో భోజనాల దగ్గర గొప్పకి నేనే చూపించాను. "స్నానాలగది కూడానా?" అన్నాడు వాల్దివియా. "నీలం పలకలు నా కానుకే సార్" అన్నాను. మర్నాడు అదంతా కాగితం మీద పెట్టి, ఫోటో జతచేసి సంతకం చెయ్యమంటే చేశాను. చదివే చేశాను. అబద్ధం లేదు కదా అనుకున్నాను.

వాల్దివియా మీద నేను అరిచిన అరుపుల్లో సగం నామీదే. మిగతా సగం మాత్రం అతనికి న్యాయంగా చెందాల్సిందే! కానీ ముక్కూమొహం తెలియని ఆడమనిషి ఇల్లయితే ఈ సంతకం నాకు గుర్తుండేది కూడా కాదు. అలాంటివి ఎన్ని పెట్టానో.

నిన్ను పెంచిన మనిషి కోసం ఒక్క అబద్ధం ఆడలేనా అంటావు. ఆడగలను. ఆడితే ఆ హోటలు ఫైలు తెరవమని మళ్ళీ ఏ మొహంతో అడగను? శిలువ బల్లమీదే ఉంది. శుక్రవారం ఏం చెప్తానో నాకింకా తెలియదు.

ఇట్లు,
మీ అక్క ఇంకా మరదలనుకుంటోందో లేదో తెలియని
నీ భార్య
నిల్దా