ఉత్తుత్తి ఇంటర్వ్యూకి అసలు మనుషులు

డిండోలి, సూరత్
ఆదివారం

వెంకటసుబ్బమ్మ మేడం గారికి,

నమస్కారం ఉత్తరం చివర పెడతాను, అప్పటికి కోపం తగ్గితే.

ఉత్తుత్తి ఇంటర్వ్యూ అయ్యాక ఏం బాగా చేశామో, ఏం చెడగొట్టామో కాగితం మీద రాసి పోస్టులో పంపాలని, ఫోనులో పంపితే చదవనని మీ నియమం. కాబట్టి రాస్తున్నాను. బాగా చేసింది: నిజం చెప్పాను. చెడగొట్టింది: మీరు.

"మీ బలహీనత ఏమిటి?" అన్నారు. బలహీనత మనిషిది కాదు, వ్యవస్థది అని నేను మొదలుపెట్టానో లేదో మీరు గడియారం చూశారు. "మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అన్నారు. అసలు కంపెనీలు ఎందుకుండాలి అన్న మూల ప్రశ్న దగ్గర్నుంచి నేను వస్తుంటే, "బాబూ, కరపత్రం చాలు, జవాబు చెప్పండి" అన్నారు. నన్ను అనండి, పడతాను. కరపత్రాన్ని అంటే ఊరుకోను. నాకు తెలిసిందంతా కరపత్రాల్లో చదివిందే. ఉధ్నా స్టేషను బయట వాటిని ఉచితంగా పంచుతారు. పుస్తకాలు ఎవరూ పంచరు.

పాండేసరా మిల్లులో సేఫ్టీ అసిస్టెంటు ఉద్యోగానికి అసలు ఇంటర్వ్యూ వచ్చే నెలలోనే. అది రాకపోతే బమ్రోలిలో మా నాయిన పక్క మగ్గం నాకోసం ఖాళీగా ఉంది. బీకాం సర్టిఫికెట్టు ఆ మగ్గానికి తగిలించుకోవాలి.

నమస్కారం. కోపం సగమే తగ్గింది.
పరుశురాం

తా.క.: మీ ఇంట్లో కాఫీ బాగుంది. ఇది పొగడ్త కాదు, పరిశీలన.

*

ఆల్థాన్
బుధవారం

పరుశురాం గారికి,

సగం నమస్కారం అందింది. పూర్తి ఆశీస్సులు.

మన తెలుగు పిల్లలకు ఆదివారాలు మా హాల్లో ఈ సాధన చేయిస్తున్నాను కదా, చెడగొట్టింది నేనని రాసినవారు మీరే మొదలు. మిగతావాళ్లు థాంక్యూ మేడం అని రాసి మళ్లీ కనిపించరు. మీరు బాగుపడే మనిషి.

కూర్చుని మాట్లాడండి. ఎదుటివాళ్లకు ఊపిరి తీసుకునే సందివ్వండి. బలహీనత అడిగితే మీదే చెప్పండి, ఆ రోజు వ్యవస్థను ఇంటర్వ్యూకి పిలవలేదు. ఇంట్లోవాళ్లను అధికారుల్లా కూర్చోబెట్టుకుని సాధన చేయండి. వచ్చే ఆదివారం రెండో విడత. అన్నట్టు, మీ గురించి బాగా తెలిసి, మీ తరఫున మాట చెప్పగల ఇద్దరు రిఫరెన్సులు కావాలి. పెద్ద కంపెనీలు అడుగుతాయి. ఆ ఏర్పాటు చూసుకోండి.

మీ మేలుకోరే
వెంకటసుబ్బమ్మ

తా.క.: మీరు లేచి నిలబడి మాట్లాడుతుంటే లోపలి గదిలో మావారు సత్యనారాయణ గారు టీవీలో చర్చ అనుకుని రిమోటుతో సౌండు తగ్గించారట. ఎంతకీ తగ్గలేదని కొత్త బ్యాటరీలు తెప్పించారు.

*

డిండోలి
శుక్రవారం

మేడం గారికి, ఈసారి ముందే నమస్కారం.

రిఫరెన్సుల సంగతి చదివాక మీ మీద గౌరవం పెరిగింది. కంపెనీల్లోనూ ఈ పద్ధతి ఉందని నాకు తెలియదు. మా మగ్గాల కార్ఖానాల్లో ఇంటర్వ్యూ అనేదే లేదు. పాతవాడు కొత్తవాణ్ని వెంటబెట్టుకుపోయి సేఠ్ ముందు నిలబెట్టి "నా మనిషి" అంటాడు. అంతే. కొత్తవాడు బట్ట చెడగొడితే తెచ్చినవాడి నెత్తిన. పని వచ్చేదాకా తెచ్చినవాడు పక్కనే నిలబడాలి. మా నాయిన బుచ్చిరాములును అలా తెచ్చింది లింగం కాక. మీరు చెప్పిన ఏర్పాటు పూర్తయింది.

ఇంట్లో సాధన కూడా చేశాను. మా అమ్మ కనకవ్వ మేనేజరు. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అడిగింది.

"ఏం జీతం గావాలె రా?"

"శ్రమకు తగినంత."

"గదే, ఎంత?"

"న్యాయమైనంత."

"నీకే తెల్వకపోతే నేనేం ఇయ్యాలె? పో, ఇంకొకన్ని పంపు."

ఇంకొకడు లేడు. తలుపు బయటికి వెళ్లి మళ్లీ నేనే వచ్చాను.

ఆదివారం కలుద్దాం.
పరుశురాం

తా.క.: రెండోసారీ అమ్మ నన్ను తీసుకోలేదు. పక్కింటి మహేశ్‌ను తీసుకుంది. వాడు నీళ్ల డబ్బా మోసుకురావడానికి ఒప్పుకున్నాడు.

*

ఆల్థాన్
సోమవారం

పరుశురాం గారికి ఆశీస్సులు, మీ వెంట వచ్చినవారందరికీ నమస్కారాలు.

రిఫరెన్సులంటే కాగితం మీద రెండు పేర్లు, రెండు ఫోను నంబర్లు. తలుపు తీసేసరికి మీ నాన్నగారు, లింగం గారు, ఆ ఇద్దరి మాట చాలదేమోనని మీ అమ్మగారు.

"మీ గురించి చెప్పండి" అని నేను మిమ్మల్ని అడిగాను. లింగం గారు లేచి, "నా మనిషి కొడుకు. ఇంకేం గావాలె మేడం?" అని బేరం తెగినట్టు దండం పెట్టేశారు. మీ బలహీనత అడగ్గానే మీ అమ్మగారు, "జర నీళ్లియ్యుండ్రి, గిది ఇప్పట్ల ఒడిసే ముచ్చట గాదు" అన్నారు. మీకు పాలు మాన్పించిన నాటి నుంచి ఎత్తుకున్నారు. మీరు ఇంటర్లోకి వచ్చేసరికి మా అన్నం వేళయింది. అందరం తిన్నాక డిగ్రీ చెప్పారు. మీ వంతు మాత్రం రానేలేదు.

అసలు ఇంటర్వ్యూకి దయచేసి ఒంటరిగా వెళ్లండి. పేర్లు మాత్రం రాయండి. కావాలంటే నా పేరు కూడా రాసుకోండి.

వెంకటసుబ్బమ్మ

తా.క.: మావారూ మీ నాన్నగారూ క్రికెట్ చూశారు. మీ నాన్నగారికి వినబడేంత సౌండు పెట్టారు. పై అంతస్తువాళ్లు పోట్లాటకు దిగివచ్చి, ఆట అయిపోయాక వెళ్లారు.

*

డిండోలి
గురువారం

శ్రీమతి వెంకటసుబ్బమ్మ గారికి,

ఒంటరిగా వెళ్లమన్నారు. అర్థమైంది. మావాళ్లు మీ సోఫాలో కూర్చోవడం బాగాలేదు. లింగం కాక మాట బాగాలేదు. డిండోలి నుంచి ఆల్థాన్‌కు బస్సు ఉంది గానీ దారి లేదని ఇప్పుడు తెలిసింది.

మా నాయిన ఆ రోజు పెట్టెలోంచి కొత్త చొక్కా తీసి వేసుకున్నాడు. మీరు అడిగినవేవీ ఆయనకు వినబడలేదు. మగ్గాల చప్పుడు ఆయన చెవులు తినేసింది. నేను కరపత్రం చదివి వినిపిస్తే నా పెదాలు చూసి తల ఊపుతాడు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిళ్లలు కార్ఖానాలో ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగలేదు. అడగాలని చెప్పే మనిషి అక్కడ లేడు. ఆ మనిషి నేను కావాలనే ఈ ఉద్యోగం కోరుతున్నాను. ఆ నాయిననే ఇంట్లో దాచి పొమ్మంటారా?

ఇక సాధనకు రాను. మీ పేరు రాయను.

ఎవరి మనిషీ కాని
పరుశురాం

తా.క.: ఈ గొడవ మా అమ్మకు తెలియదు. మీ వైపు కజ్జికాయలంటారే, ఆ గరిజెలు చేసి డబ్బాలో పెట్టింది. అందుకే ఉత్తరం పోస్టులో వేయకుండా మహేశ్ చేత పంపుతున్నాను. డబ్బా ఆమెది. తిరిగి ఇవ్వాలి.

*

ఆల్థాన్
అదే రోజు

చిరంజీవి పరుశురాంకు,

ఇక 'మీరు' అనను. ఇంతగా తిట్టినవాడు ఇంటివాడి కిందే లెక్క.

మీవాళ్లు వచ్చిన రోజు మావారు నవ్వినంతగా ఈ మధ్య ఎన్నడూ నవ్వలేదు. వాళ్లు మళ్లీ రావాలి. ఒంటరిగా వెళ్లమన్నది సిగ్గుపడి కాదు. వాళ్లు పక్కనుంటే నీ జవాబులు వాళ్లు చెబుతారు. అయినా తప్పు నాదే, ఆ ముక్క వివరంగా రాయాల్సింది.

ఒక సంగతి చూడు. నా ఎదురుగా కూర్చున్నప్పుడు నువ్వు చరిత్ర చెప్పావు, వ్యవస్థ చెప్పావు. నాన్న చెవుల మాట ఒక్కసారీ ఎత్తలేదు. నన్ను తిడుతూ తిడుతూ, ఉత్తరం నడుమ, అసలు జవాబు రాశావు. ఈ ఉద్యోగం ఎందుకని అడిగితే అదే చెప్పు. ఆ నాలుగు మాటలే, కూర్చునే చెప్పు. నాన్నను ఇంట్లో దాచి వెళ్లకు, జవాబులో పెట్టుకుని వెళ్లు.

ఆశీస్సులతో
వెంకటసుబ్బమ్మ

తా.క.: మా వైపు డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వం. పులిహోర పెట్టాను. మీ అమ్మగారూ ఖాళీగా పంపరు, నేనూ పంపను. ఇది ఎక్కడ ఆగుతుందో నీ కరపత్రాల్లో ఉంటే చూసి చెప్పు.

*

డిండోలి
మంగళవారం

అమ్మగారికి రెండు చేతులా నమస్కారం.

ఉద్యోగం వచ్చింది.

ఒంటరిగానే వెళ్లాను. మేనేజరు హిందీలో, ఈ నౌకరీ నీకెందుకు అన్నాడు. నాయిన చెవుల సంగతి చెప్పాను. ఆయన కాగితం మీద రాసుకుని, "ఔర్?" అన్నాడు. "ఔర్ కుఛ్ నహీ" అన్నాను. ఇంకేం లేదు అనడం నా జన్మలో అదే మొదలు. బలహీనత అడిగాడు. "కోపం, సాబ్. కోపంలో ఉత్తరాలు రాస్తాను. చదివేవాళ్లు మంచివాళ్లయితే నాకే లాభం" అన్నాను.

ఎవరు నేర్పారని అడిగితే మీ పేరు చెప్పాను. మిల్లు కార్మికుల పిల్లలకు ఆదివారాలు ఇలాంటి తర్ఫీదు ఇచ్చేవాళ్ల కోసం వాళ్లు వెతుకుతున్నారట. అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. "వెంకటసుబ్బమ్మ గారు నా మనిషి. పని చెడితే నా నెత్తిన" అన్నాను. వచ్చే సోమవారం పొద్దున మీకు ఇంటర్వ్యూ. మీకు అదొక లెక్కా?

థాంక్స్ అనేది పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేత అనిపించుకునే మాట అని ఒకచోట చదివి, ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. ఆ కరపత్రం రాసినవాడికి మీలాంటివాళ్లు తగలలేదు. అమ్మగారూ, థాంక్స్. మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కాఫీ గురించి అన్నది తప్ప.

మీ
పరుశురాం

తా.క.: మిల్లువాళ్లు ఇచ్చిన చెవి బిళ్లలు నాయినకు చూపించాను. "గిప్పుడు పెట్టుకుంటే ఏం ఫాయిదా రా?" అన్నాడు. ఇంతలో అమ్మ వంటింట్లోంచి గట్టిగా ఏదో మొదలుపెట్టింది. పెట్టుకున్నాడు.

*

ఆల్థాన్
గురువారం

చిరంజీవి పరుశురాంకు ఆశీస్సులు.

ఉత్తరం పై సగం చదివి దేవుడి దగ్గర దీపం పెట్టాను. కింది సగం చదివి, ఇంటర్వ్యూ ఎవరికో మావారిని చదివి చెప్పమన్నాను.

నాయనా, నన్ను ఇంతవరకూ ఎవరూ ఇంటర్వ్యూ చేయలేదు. నేను ఏ ఉద్యోగమూ చేయలేదు, అడగనూ లేదు. మావారు హాజీరా ఫ్యాక్టరీలో కొత్తవాళ్లను పనిలోకి తీసుకునే రోజుల్లో, రేపు అడగబోయే ప్రశ్నలు ముందుగా నా మీద ప్రయోగించేవారు. నేను కూర తరుగుతూ జవాబులు చెప్పేదాన్ని. అలా ప్రశ్నలు వచ్చాయి. తర్వాత మా అబ్బాయి స్నేహితులు వచ్చారు, వాళ్ల వెనక ఇంకొందరు. మీరెక్కడ పనిచేశారు మేడం అని ఎవరూ అడగలేదు. అన్నిటినీ ప్రశ్నించే నువ్వూ అడగలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది పెళ్లిచూపుల్లోనే. పాట వచ్చా అన్నారు. రాదన్నాను. అయినా తీసుకున్నారు.

నిన్న రాత్రి మావారిని ఒకసారి అడిగి చూడమన్నాను. "మీ గురించి చెప్పండి" అన్నారు. లేచి వెళ్లి పొయ్యి మీద పప్పు కలిపి వచ్చాను. మళ్లీ అడిగారు. మళ్లీ కలిపాను. పప్పు మాత్రం బాగా మెత్తబడింది.

రానని రాద్దామనే కాగితం తీశాను. కానీ ఎవరో నా కోసం లేచి నిలబడి, ఈవిడ నా మనిషి అనడం నా అరవై ఏళ్లలో ఇదే. నీ నెత్తిన ఏమీ పడనివ్వను. సోమవారం వెళ్తాను. శనివారం డిండోలి వస్తున్నాను. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నువ్వు అడుగు. మెత్తగా అడగకు.

ఇట్లు
అభ్యర్థి
వెంకటసుబ్బమ్మ

తా.క.: పొద్దున ఏ చీర కట్టుకోవాలా అని చూస్తుంటే మావారు, "జీతం ఎంత అడుగుతావు?" అన్నారు. ఆ ఆలోచనే నాకు తట్టలేదు. నీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను, అందులో లేదు. జీతం కూడా ఇస్తారా?