కాకుల హత్య

జూన్ 24, మంగళవారం
మా బడికి కొత్త తెలుగు వర్క్‌బుక్కు వచ్చింది. కరస్పాండెంట్ సారు అల్లుడు హైదరాబాద్‌ల కూసొని తయారు చేసిండంట. సమూహాల పేర్లు... 'కాకుల హత్య'. 'సింహాల గర్వం'. 'చేపల బడి'. మొదలు నవ్విన. ఇంగ్లీష్ టీచర్ రేష్మాకు చూపిస్తే తల పట్టుకుంది. ఇంగ్లీషుల కాకుల గుంపును మర్డర్ అంటరంట, సింహాలైతే ప్రైడ్, చేపలైతే స్కూల్. ఆ మాటలు ఫోన్ల ట్రాన్స్‌లేషన్‌కు వేసి, వచ్చింది వచ్చినట్టే అచ్చేసిన్రు.
గుంపు, మంద, దండు, బారు — ఇన్ని మాటలు పెట్టుకొని!

జూన్ 26, గురువారం
సారుకు చెప్పిన. "పుస్తకాలు పిల్లల చేతికి పోయినయ్ మేడం. ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. అల్లుని ముంగట నా ఇజ్జత్ తీయకున్రి."
నా ఇజ్జత్ సంగతి?

జూన్ 27, శుక్రవారం
చెప్పిన. క్లాసంత ఒక్క గొంతుతోని "కాకుల హత్య... కాకుల హత్య..." అందరికన్న గట్టిగ మా అమ్ములే. సొంత తల్లి పాఠం చెప్తున్నదని సంబరం దానికి.

జూన్ 29, ఆదివారం
చర్చి నుంచి వస్తుంటే హైవే మీద గొర్లు అడ్డమొచ్చినయ్. బస్సులు, లారీలు అన్నీ ఆగినయ్. బండి మీద అమ్ములు — "మమ్మీ, గొర్లకు ఏమంటరు?"
"మంద."
"బుక్కుల లేదు గదా!"
ప్రభాకర్ బండి నడుపుకుంటనే పగలబడి నవ్విండు. నాకు ఒళ్లు మండింది. మొగుడు గూడ గిట్ల నవ్వితే ఎవరికి చెప్పుకోవాలె?

జూలై 14, సోమవారం
యూనిట్ టెస్ట్ పేపర్లు. న్యాల్‌కల్ నుంచి ఆటోల వచ్చే శ్రావణి 'కాకుల గుంపు' అని రాసింది. సారు ఇచ్చిన కీ ప్రకారం తప్పు. చెయ్యి రాలే. రైట్ కొట్టిన. ఆ కోపంలనే 'హత్య' రాసినోళ్లందరికీ ఇంటు కొట్టిన.
అమ్ములుకు గూడ.

జూలై 15, మంగళవారం
అమ్ములు అన్నం తినలే. "నువ్వే చదివించినవ్. మల్ల నువ్వే తప్పు పెట్టినవ్."
దాని పళ్లెం మీద మూత పెట్టిన.
ట్రాక్టర్ల ఫ్యాక్టరీల షిఫ్ట్ దిగి వచ్చి ప్రభాకర్ — "పిల్లల మీద ఎందుకే నీ కోపం? పోయి ఆ సారు మీద చూపియ్యరాదు?" నీకేం తెలుసు అన్న. ఆయనకు తెలుసు.

జూలై 17, గురువారం
మార్కులు తగ్గినయని తల్లిదండ్రుల ఫోన్లు. సారు పిలిచిండు. "శనివారం మీటింగ్. బుక్కు మీరే తయారు చేసిన్రని, పొరపాటు అయిందని చెప్పున్రి. అయిపోతది."
"నేను రాయలే సార్."
"తెలుగు టీచర్ మీరే గదా. మీ బిడ్డ గూడ ఈడనే చదువుతున్నది మేడం..." నవ్వుకుంటనే అన్నడు. బెదిరించేటోడు నవ్వుడెందుకు?

జూలై 18, శుక్రవారం
రేష్మా — "చెప్పేయ్ అక్కా, ఒక్క మాటే గదా."
ఒక్క మాటే. ఈ లొల్లంత ఒక్క మాట కోసమే గదా!

జూలై 19, శనివారం
మీటింగ్. సారు మైకు నా చేతికిచ్చిండు. "ఈ పుస్తకం నేను రాయలే. తప్పని తెలిసీ చెప్పిన, అది నా తప్పు. పిల్లలది కాదు. వాళ్ల మార్కులు వాళ్లకు వేస్త."
అప్పుడు శ్రావణి వాళ్ల నాయన లేచిండు. "మరి రాసిందెవరు సార్?"
సారు మైకు గుంజుకొని, చాయ్ తాగి పోన్రి అన్నడు. హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడు ముందు వరుసలనే ఉన్నడు. తలెత్తలే.
ఇంటికొచ్చినంక అమ్ములు పక్కకొచ్చి కూసున్నది.

జూలై 20, ఆదివారం
స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల నుంచి నన్ను తీసేసిన్రు. రేష్మా ఫోన్ ఎత్తుత లేదు. సారు మాత్రం బడికి రావద్దని నోటితోని చెప్పలే, ముఖం చెల్లక.
అమ్ములు బూట్లు తుడుసుకుంట — "మమ్మీ, రేపు ఇద్దరం పోతమా? నేనొక్కదాన్నే పోవాల్నా?"
రేపటికని ఇద్దరి టిఫిన్ డబ్బాలు కడిగి బోర్లిచ్చిన.