మచ్చలేని తల

అక్కా,

నువ్వు పోయాక బోగోలు సముద్రపు ఒడ్డుకు రావడం ఇవాళే. వలలు లాగిన చోట సీగల్ పిట్టలు గుంపుగా వాలి ఉన్నాయి. చలికాలం కదా, నల్లతలలు తెల్లబడి అన్నింటికీ కంటి వెనక నల్లమచ్చే మిగిలింది. ఒక్కదానికి లేదు. తలంతా తెలుపు, మెడ పొడుగు, ముక్కు సన్నం. ఇన్నేళ్లూ మనం వెతికింది దాని కోసమే.

మొదట చూసినవాళ్లు పేరు చెప్పకూడదు, రెండోవాళ్లు చూసి తామే ముందు అదే పేరు చెబితేనే లెక్క. పెద్దదానివని ఈ నియమం పెట్టింది నువ్వే. దాని మీద ఎన్నిసార్లు పోట్లాడాను! అయినా అలవాటు పోలేదు. నోరు మూసుకుని బైనాక్యులర్స్ పక్కకు చాపాను. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

చేపలు ఏరుతున్న ఒకామె నా వైపు చూసి, "ఎవరికమ్మా ఇస్తా ఉండావు?" అంది.

ఆమెకే ఇచ్చాను. కాసేపు చూసి, "తెల్లంగా బాగుండాదమ్మా" అని తిరిగి ఇచ్చేసింది. అంతలో పిట్ట లేచి సముద్రం మీదికి వెళ్లిపోయింది.

దాని పేరు నాకు తెలుసు. పైకి అనలేదు, ఇక్కడా రాయడం లేదు.

ముందు నువ్వు చెప్పాలి.