చివరి స్తంభం మీద అంకె

అప్పన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బొబ్బిలి అవతల మన కరెంటు లైనుకి ఈ ఉదయమే సోలార్ ప్లాంటు కలిపాం. నేను మొదట ప్లానులో గీసినట్టు సబ్‌స్టేషన్ పక్కన కాదు, నువ్వు చెప్పినట్టు లైను చివరన.

ఆ రోజు నా ప్లాను చూసి, "కాలవ మొదట్లో నుయ్యి తవ్వితే శివారు మడి తడుస్తాదేటి సారూ? సివర పెట్టండి. అక్కడి మోటార్లు తాగినంతే పెట్టండి. ఎక్కువైతే గట్టు తెగిపోతాది" అన్నావు. లైన్‌మన్‌కి ఇంజనీరు లెక్కలేం తెలుసని నవ్వాను. నువ్వు పోయాక లెక్కలు వేసి చూస్తే నీ మాటే నిజమైంది.

నెలనెలా చివరి స్తంభం మీద నువ్వు పెయింటుతో వోల్టేజీ రాసేవాడివి. ఆఖరున రాసిన 160 ఇంకా ఉంది. మధ్యాహ్నం అక్కడే మీటరు పెడితే 225 చూపించింది. వోల్టేజీ చాలక పొలంలో మోటారు కాలినప్పుడల్లా నిన్ను తిట్టిపోసిన శివారు రైతు పైడమ్మ వచ్చి చూసి, "అప్పన్న ఉంటే బాగున్ను బాబూ" అంది.

నీ అంకెను చెరపనివ్వలేదు. దాని కింద 225 రాశాను. కాగితాల్లో ఆ ప్లాను నా పేరు మీదే ఉంది. అందుకే స్తంభం మీద నీ పేరు రాశాను.