పొసెస్ అంటే కూర్చోవడమట

నాన్నా,

ఈరోజు తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెబుతుంటే ‘పొసెస్’ అనే మాట వచ్చింది. సొంతంగా కలిగి ఉండటమని చెప్పాను. దయ్యం పట్టడానికీ ఇదే మాట వాడతారంటే పిల్లలు నవ్వారు. తర్వాత నిఘంటువులో దాని పుట్టుక చూస్తే నాకు ఒళ్ళు మండింది. లాటిన్‌లో అధికారం, కూర్చోవడం అనే రెండు మాటలు కలిసి పుట్టిందట. దర్జాగా కూర్చున్నవాడిదే సొత్తన్నమాట.

బతికినన్నాళ్ళూ కౌలు సేద్యం చేశావే, నిన్ను ఒక్క చేలోనైనా కుదురుగా కూర్చోనిచ్చారా? గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో కట్టించి, ఎరువుతో నేలను బాగుచేసేవాడివి. హక్కు అడుగుతావేమోనని ఆసామి మరుసటి ఏడే నిన్ను ఇంకో చేనుకు మార్చేవాడు. కౌలు కాగితం ఏనాడూ రాసివ్వలేదు.

సాయంత్రం మిరప కల్లానికి వెళ్తే ఆసామి కొడుకు వచ్చి ఉన్నాడు.

“వచ్చే ఏడు ఈ చేను వేరేవాళ్ళకిస్తున్నాం. మీరు ఆ రాళ్ళ చేను చేసుకోండి” అన్నాడు అమ్మతో.

నువ్వు పోయాక అమ్మ ఒక్కతే చేస్తున్న చేను అది. పోయిన వేసవిలోనే మంద కట్టించింది.

ఆ ఇంటివాళ్ళు కనబడితే చాలు, నువ్వు తలగుడ్డ తీసి లేచి నిలబడేవాడివి. నీ వెనకే అమ్మా లేచేది. ఈరోజు అమ్మ ఎండుమిర్చి రాశి పక్కన కూర్చుని, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. చేతిలో కాయ పక్కన పడేసి తలెత్తింది.

“మేం ఈ చేనే చేస్తాం బాబూ” అంది.

లేవలేదు నాన్నా.